వ్రతానికి మాత్ర అడ్డు కాదు
(వర్ని భక్త సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



హృదయం ఈశ్వరుని నివాసమని పెద్దలు చెప్పారు. ఆ తత్త్వాన్ని వివరించగల పండితులు ఈ వేదికపైనే ఉన్నారు. నేను మాత్రల సంగతి మాత్రమే విన్నవించుకుంటాను.

ఏకాదశి నాడు, శివరాత్రి నాడు, మాల ధరించిన మండల దీక్షలో మన భక్తులలో అనేకులు రక్తపోటు మాత్రలు మానివేస్తారు. ఉపవాసంలో నీరు సైతం ముట్టమని కొందరు, స్వామి కాపాడుతుండగా మందెందుకని మరికొందరు అంటారు. ఇది భక్తిగా కనిపిస్తుంది గాని ప్రమాదకరం. కొన్ని రకాల మాత్రలను హఠాత్తుగా ఆపితే రక్తపోటు మునుపటికంటే పైకి ఎగబాకుతుంది. గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వాడే మందును మానితే, ఆ స్టెంటులోనే గడ్డ ఏర్పడవచ్చు. అది ప్రాణాంతకం.

శాస్త్రం ఏమంటున్నదని అడుగుతారేమో. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి నీతి బోధిస్తూ, వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిది అని లెక్కించాడు. నీరు, దుంపలు, పండ్లు, పాలు మొదలైనవాటితో ఆరంభించి ఔషధంతో ముగించాడు. మందుతో పాటు గుక్కెడు నీటికి కూడా అనుమతి అందులోనే ఉన్నది. ఇంతకంటే స్పష్టమైన వైద్య సలహా నేను ఇవ్వలేను.

మధుమేహం మందుల సంగతి వేరు. ఆహారం లేకుండా ఇన్సులిన్ గాని, కొన్ని చక్కెర మాత్రలు గాని తీసుకుంటే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. కనుక ఆ రోగులు ఉపవాసానికి ముందే వైద్యుని అడిగి మోతాదు నిర్ణయించుకోవాలి.

తిరుమలకు అలిపిరి మార్గంలో మెట్లు 3,550. గుండెజబ్బు ఉన్నవారు కాలినడకన కొండ ఎక్కవద్దని తిరుమల తిరుపతి దేవస్థానమే సూచిస్తున్నది. మొక్కు తీర్చుకోలేకపోతున్నామని వారు కుంగవలసిన పని లేదు. బస్సులో వచ్చిన భక్తునికీ స్వామి దర్శనమిస్తాడు.

ఇక మన వర్ని మాట. నిజాంసాగరు నీటి వెంట కోస్తా జిల్లాల నుండి వచ్చి క్యాంపులు కట్టుకున్నవారి ఆవకాయ, ఇక్కడి వారి మామిడి తొక్కు: ఉప్పు విషయంలో రెండూ ఒక ఇంటివే. రోజుకు మనిషికి ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఒక టీ చెంచా. బీడీలు చుట్టి సంసారాలు నిలబెట్టిన అక్కచెల్లెండ్రు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. వారి కష్టం గొప్పది. ఆ బీడీ కాల్చేవాని గుండెకు మాత్రం అది శత్రువు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం కలిగితే గ్యాసు అనుకొని సోడా తాగుతూ కూర్చోవద్దు. స్త్రీలలో, మధుమేహులలో నొప్పి లేకుండా నీరసం, వాంతి మాత్రమే కనిపించవచ్చు. మూసుకున్న రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంత దక్కుతుంది. బోధనుకో నిజామాబాదుకో చేరడానికి పట్టే సమయాన్ని మనం తగ్గించలేము. ఇంట్లో తర్జనభర్జనలకు పోయే సమయాన్ని తగ్గించగలము. రోగిని మోటారు సైకిలుపై కూర్చోబెట్టవద్దు, 108కి ఫోను చేయండి. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ ఉచితం. మనిషి పడిపోయి పలకక, శ్వాస ఆడకపోతే, అంబులెన్సు వచ్చేవరకు ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి నూరు నుండి నూట ఇరవై మార్లు బలంగా నొక్కాలి. అర్హులైన కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుండి పది లక్షల రూపాయలు. ఖర్చుకు జంకి ఆగిపోకండి.

ముప్పై యేళ్లు దాటినవారు ఆశా కార్యకర్తను గాని, ఆరోగ్య ఉపకేంద్రాన్ని గాని అడిగితే రక్తపోటు, చక్కెర ఉచితంగా చూస్తారు. 140/90 దాటితే వైద్యుని కలవాలి. ఒక్కనాటి అంకెతో భయపడవద్దు. ఐదు నిమిషాలు కూర్చొని, మరొకనాడు మళ్లీ చూపించుకోవాలి.

దాతలకు ఒక విన్నపం. గోపురానికి, అన్నదానానికి ఇస్తూనే, సత్రంలో ఉంచడానికి ఒక రక్తపోటు యంత్రం ఇప్పించండి. చేతి పట్టీలు వేర్వేరు కొలతల్లో దొరుకుతాయి. లావు భుజానికి చిన్న పట్టీ చుడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. పెద్ద పట్టీ కూడా కొనవలసిందిగా ప్రార్థన.