డప్పు బడిలోకి రావాలి, వెట్టి రాకూడదు

(హైస్కూలు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల మార్కుల గురించీ ఇంగ్లీషు మీడియం గురించీ మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ టైంటేబుల్లో ఓ మూలన పడి ఉండే పీరియడు గురించి మాట్లాడదాం. అదే సంగీతం, డ్రాయింగు, చేతిపని పీరియడు. చాలా బళ్ళలో అది పేరుకే ఉంటది. డ్రాయింగు మాస్టారు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగానే ఉంటది. పది పరీక్షలు దగ్గరకొస్తే ఆ గంట లెక్కల సారుకు పోతది. పీరియడు నడిచే చోట మాత్రం పిల్లలు ఏం గీస్తున్నారు? రెండు కొండలు, మధ్యన సూర్యుడు, ఓ గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. కొబ్బరిచెట్టే లేని ఊళ్ళో కూడా అదే బొమ్మ. ఆ గుడిసెలో ఎవరుంటారు, అది ఊరికి ఏ దిక్కున ఉంది అని ఎవరూ అడగరు.

కూలోళ్ళ పిల్లలకు ఈ ఆటపాటలెందుకు అనేవాళ్ళున్నారు. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 10వ తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలన్నది. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే కళలకు, వ్యాయామానికి, పనివిద్యకు పార్ట్‌టైం బోధకులుండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. స్థానిక కళాకారుల్ని, చేతిపనివాళ్ళని బడికి పిలిచి చెప్పించమని 2020 జాతీయ విద్యావిధానం అన్నది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మరి ఆ 'స్థానిక కళాకారుడు' ఎవరు? గొడవంతా అక్కడే ఉంది.

మాదిగవాడకు రండి, చూపిస్తాం. డప్పు చెయ్యాలంటే కట్టె చట్రానికి తడితోలు బిగించి ఆరబెట్టాలి. వాయించే ముందు మంట దగ్గర కాచాలి. వేడికి తోలులో తేమ పోయి బిగుస్తది. బిగిస్తే నాదం పైకి లేస్తది. సైన్సు పుస్తకంలో ధ్వని పాఠం ఇదే గదా! సిర్ర, చిటికెన పుల్ల రెండూ కలిసి పెళ్ళికో దరువు, చావుకో దరువు, జాతరకో దరువు పలికిస్తాయి. దెబ్బల లెక్క తప్పితే ఆడేవాళ్ళ అడుగు తప్పుతది. దీన్ని తాళజ్ఞానం అనక ఇంకేమంటారు?

బొమ్మల సంగతి చూద్దాం. చేర్యాల నకాషీలు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమన్ను, జిగురు పట్టించి పటం గీస్తారు. ఎర్రటి నేల మీద అరలు అరలుగా కథ నడుస్తది. అలాంటి పటం విప్పి డక్కలివాళ్ళు మాదిగలకు జాంబపురాణం చెప్పేవాళ్ళు. దూరాన కూర్చున్నవాళ్ళకు కూడా బొమ్మ ఆనేలా గీయడం ఎంత తెలివి! ఇక డిజైను అంటే పట్నపు మాట అనుకుంటున్నాం. లందలో సున్నంతో, తంగేడు చెక్కతో తోలు పదును చేసి, పాదం కొలత తీసి, రంపెతో కోసి, ఆరెతో కుట్టి, కాలు కరవని చెప్పు చేసినవాడికి డిజైను తెలియదా?

ఈ విద్య ఏదీ పీరియడులోకి రాదు. మంత్రి వచ్చినప్పుడు మాత్రం వస్తది. ఆ రోజు మన పిల్లల్ని వెతికి మరీ డప్పులిస్తారు. స్వాగతగీతం పాడే పిల్లలు వేదిక మీద ఉంటారు. డప్పు కొట్టే పిల్లలు గేటు దగ్గర ఎండలో ఉంటారు. మర్నాడు మార్కుల పుస్తకంలో ఆ దరువుకు చోటుండదు.

ఈ మాట వాడల్లో చెబితే పెద్దలు మమ్మల్ని నిలదీశారు. "శవాల ముందు కొట్టీ కొట్టీ మా చేతులు కాయలు కాసినయి. ఆ డప్పు తప్పించాలనే పిల్లల్ని బడికి పంపినం. మళ్ళీ వాళ్ళ చేతికే ఇస్తారా?" అన్నారు. ఈ ప్రశ్నను మేము పక్కన పెట్టలేం. వెట్టి డప్పు కొట్టనని తిరగబడ్డవాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళు న్యాయం. 1927లో మహద్ సభలో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నది కూడా ఆత్మగౌరవం కోసమే. కులం పేరుతో నెత్తిన పడ్డ పనిని బడి మళ్ళీ నెత్తిన పెడితే ఆ బడి మనకొద్దు.

అయితే అదే డప్పు మన చేతుల్లో ఇంకో పని కూడా చేసింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఉద్యమం మొదలైనప్పుడు దానికి దండోరా అన్న పేరే వచ్చింది. ఊరి దొర మాట చాటిన దరువు మన మాట చాటింది. కాబట్టి ఎవరు, ఎవరి కోసం, ఏ షరతు మీద వాయిస్తున్నారు అన్నదే తేల్చుకోవాలి.

మా షరతులు చెబుతున్నాం. డప్పు నేర్పితే క్లాసులో అన్ని కులాల పిల్లలకూ నేర్పాలి. రెడ్డి పిల్లాడూ కమ్మ పిల్లా తోలు ముట్టి, మంట దగ్గర కాచి వాయించాలి. మన పిల్ల వీణ నేర్చుకుంటానంటే వీణ, తబలా అంటే తబలా నేర్పాలి. ఏ పిల్లనూ కులం చూసి వాయిద్యం దగ్గర కూర్చోబెట్టకూడదు. నేతల స్వాగతాలకు పిల్లల్ని తోలకూడదు. నేర్పే పెద్దమనిషికి కుర్చీ వెయ్యాలి, సార్ అని పిలవాలి, నెలనెలా జీతమివ్వాలి.

జీతం మాట ఎందుకు ఒత్తి చెబుతున్నామంటే, కిన్నెర మొగిలయ్య సంగతి చూడండి. డక్కలి కులంలో పుట్టి, 12 మెట్ల కిన్నెరను బతికించిన మనిషి. తెలంగాణలో 8వ తరగతి సాంఘికశాస్త్రంలో ఆయన మీద పాఠం వచ్చింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ దగ్గర ఇల్లు కట్టేచోట దినకూలికి పోతున్నాడని పత్రికలు రాశాయి. పుస్తకంలో పాఠమైన మనిషి బడిలో పంతులెందుకు కాలేకపోయాడు? బిరుదు పూట గడవనివ్వదు. కళకు దండ వేసి కళాకారుణ్ణి కూలికి పంపే గౌరవాన్ని మనం ఒప్పుకోకూడదు.

ఇక చెయ్యాల్సిన పని. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన వాడలకు జనాభాకు తగ్గ చోటుండాలి. కమిటీలో మనవాళ్ళు ఉన్నారా? ఉంటే కూర్చుని సంతకం పెట్టి వస్తున్నారా, నోరు విప్పుతున్నారా? వచ్చే మీటింగులో మూడు ప్రశ్నలు అడగండి. కళల పీరియడు వారానికి ఎన్ని, అందులో ఎన్ని నడిచాయి? బోధకుడి పోస్టు ఉందా, ఖాళీ అయితే ఎవరికి రాశారు? మన ఊరి డప్పు కళాకారుణ్ణి, చెప్పులు కుట్టే తాతను, పాటలు కట్టే అవ్వను జీతమిచ్చి పిలుస్తారా? జవాబు మినిట్సు పుస్తకంలో రాయించండి. రాయకపోతే మండల విద్యాధికారి దగ్గరకు అందరం కలిసి పోదాం. పంతుళ్ళలో మన పక్షం నిలిచేవాళ్ళున్నారు, వాళ్ళనూ కలుపుకుందాం.

వాడవాడలా ఈ మాట చెప్పండి. జై భీమ్!