బందరు రేవు, మామునూరు విమానాశ్రయం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ విషయం మీద మాట్లాడతారని కార్యదర్శిగారు అడిగితే వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం గురించి అన్నాను. "బందరులో కూర్చున్నవాళ్ళకు మామునూరుతో పనేమిటండీ?" అన్నారు. సబబైన ప్రశ్నే. నేను చరిత్రకారుణ్ణి కాను, రెవిన్యూ కచ్చేరీలో ముప్పైమూడేళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. అయినా దీనికి జవాబు మన రేవు దగ్గరే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నిజాం రాజ్యానికి చివరి రోజుల్లో సముద్రం లేదు. పూర్వం ఉండేది. సర్కారు జిల్లాలు ఆయన ఏలుబడిలో ఉన్నంతకాలం మన బందరే ఆయన వీధి వాకిలి. 1759లో ఇంగ్లీషువారు బందరు కోటను ఫ్రెంచివారి చేతిలోంచి లాక్కున్నారు. 1766 ఒప్పందంతో సర్కారులు కుంపినీ పరమయ్యాయి. తరువాత 1802 నాటి వర్తకపు ఒప్పందంలో, నిజాం బందరు రేవును స్వేచ్ఛగా వాడుకోవచ్చునని రాసి ఇచ్చారు. అంటే హక్కు కాగితంలో, రేవు ఇంకొకరి స్వాధీనంలో. మన శాఖలో ఇలాంటి కేసులు ఎన్ని చూడలేదు! ఇంగ్లీషువారు మూటాముల్లే సర్దుకునే రోజుల్లో హైదరాబాదు ప్రభుత్వం పోర్చుగీసువారి మార్మగోవా రేవు మీద కూడా ఆశ పెట్టుకుంది. అదీ దక్కలేదు. నాలుగు వైపులా నేల చుట్టుముట్టిన రాజ్యానికి ఇక మిగిలిన రేవు ఆకాశమే.

అందుకని అక్కడి విమానాశ్రయాలకు అంత ప్రాముఖ్యం వచ్చింది. బేగంపేట, హకీంపేట, బీదర్, మామునూరు. మామునూరు మైదానాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1930లో వేశారు. వరంగల్ ఆజంజాహీ మిల్లు కోసం, సిర్పూరు కాగితం మిల్లు కోసం వేశారని పత్రికలు తరచు రాస్తుంటాయి. ఆజంజాహీ మిల్లు పుట్టింది 1934లో, సిర్పూరు మిల్లు ఇంకా తరువాత. బిడ్డ పుట్టకముందే బారసాల చేశారన్నట్టుంది ఈ మాట. మిల్లులు వచ్చాక వాటికీ ఉపయోగపడి ఉంటుందంటే ఒప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం ఇచ్చిన విమానాల కారణంగా ఇంగ్లీషువారి 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు పెట్టారు. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకూ అదే పేరు. లండను ఆకాశంలో శత్రువుతో పోరాడే దళాలకు మన డెక్కను పేరు! 1948లో తన రాజ్యం మీదికి విమానాలు వచ్చిననాడు మాత్రం ఆయన దగ్గర ఎదురు పంపడానికి వైమానిక దళమే లేదు. మైదానాలు ఉన్నాయి, యుద్ధ విమానాలు లేవు.

ఆ సంగతి మనలో చాలామందికి పుట్టకముందు మాట కాబట్టి క్లుప్తంగా మనవి చేస్తాను. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాది గడువు. ఇండియాలో చేరతారా, స్వతంత్రంగా ఉంటారా అన్న తగవు తెగలేదు. సరిహద్దుల్లో దిగ్బంధం, లోపల రజాకార్ల ఆగడాలు, మరోపక్క రైతుల సాయుధ పోరాటం. తాళలేక సరిహద్దు దాటిన కుటుంబాలు జగ్గయ్యపేట, బెజవాడ వైపు వచ్చి తలదాచుకున్నాయి. ఆయుధాలు రైల్లో రావు, రేవులో దిగవు. అప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రివేళ ఆయుధాలు చేరవేశాడు. అవి దిగిన చోట్లుగా బీదర్, వరంగల్ పేర్లు వినిపిస్తాయి. ఆ తరువాత ఇంగ్లండులో అతనిపై కేసు నడిచి 200 పౌన్ల జరిమానా పడింది. ఒక రాజ్యం తలరాతతో చెలగాటమాడిన పనికి 200 పౌన్లు!

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. దాన్ని పోలీసు చర్య అన్నారు. బాంబులు వేసే విమానాలున్న పోలీసులను మనం ఎక్కడా చూడలేదనుకోండి, అయినా ఫైలుకు పెట్టిన శీర్షిక అది. బీదర్, వరంగల్ విమానాశ్రయాలు వైమానిక దాడులకు గురయ్యాయి. తూర్పు నుంచి మేజర్ జనరల్ రుద్ర కింద నడిచిన దళం బెజవాడ నుంచి వెళ్ళింది. ఏ దారిన? మన బందరు–హైదరాబాదు రోడ్డునే. ఆ దారిలో మునగాల పరగణా ఉంది. నిజాం రాజ్యం మధ్యలో ద్వీపంలాగా ఉన్నా అది నందిగామ తాలూకా, కృష్ణా జిల్లా. ఆ జమీ లెక్కలకు జిల్లా కచ్చేరీ బందరే. తరువాత అది నల్గొండ జిల్లాలో కలిసింది. సూర్యాపేట దగ్గర గట్టి పోరాటమే జరిగింది. మూసీ మీది వంతెనను నిజాం సేనలు వెనక్కు పోతూ పేల్చేశాయి. ఐదో రోజున, 17న, నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. పారిస్‌లో భద్రతామండలి ఈ ఫిర్యాదును విచారణకు తీసుకున్నది ఆ ముందురోజే. 22న నిజాం దాన్ని ఉపసంహరించుకున్నారు. 1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్‌ను ఆయన బేగంపేట విమానాశ్రయంలోనే చేతులు జోడించి ఆహ్వానించారు. ఆ ఫోటో మీరంతా చూసే ఉంటారు.

రాజ్యం తగవు ఐదు రోజుల్లో ముగిసింది. నా బోటి గుమాస్తాకు అసలు కథ అక్కడ మొదలవుతుంది. భూమి ఎవరి పద్దులోకి పోయింది?

మామునూరుకు మొదట 1,875 ఎకరాలు ఉండేదని వరంగల్ పత్రికల్లో ఎప్పుడూ కనిపించే లెక్క. 2025 ఫిబ్రవరి నాటికి విమానాశ్రయాల సంస్థ చేతిలో ఉన్నది సుమారు 696 ఎకరాలు. 1981 దాకా విమానాలు దిగాయి, ఆ తరువాత ఆగాయి. ఈలోగా పోలీసు శిక్షణ కళాశాల, పోలీసు బెటాలియన్, పాడి పరిశ్రమ అంటూ తలా ఒక ముక్క పంచుకున్నారు. ఇవేవీ పనికిమాలినవని నేననను. ఒక్కొక్క ఉత్తరువు విడిగా చదివితే ప్రతిదీ న్యాయంగానే కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న సర్కారు భూమి, అడిగినవాడు సర్కారే. ఇవన్నీ ఒకే ఫైలులో కుట్టి, రేపు విమానం మళ్ళీ వస్తే ఎక్కడ దింపుతామని నోట్ పెట్టినవారు లేకపోయారు.

విమానం మళ్ళీ వస్తానంది. శంషాబాదు విమానాశ్రయం ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరొకటి ఉండకూడదన్న షరతు ఉంది. జి.ఎం.ఆర్. సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. భూసేకరణ కోసం తెలంగాణ ప్రభుత్వం అంతకుముందే 2024 నవంబరులో 205 కోట్లు మంజూరు చేసింది. ఒకప్పుడు చేతిలో ఉన్న భూమిని పంచిపెట్టి, తరువాత నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి రైతుల పొలాలు అడిగారు. గుంటూరుపల్లి పేరు వింటే మన కోస్తావాళ్ళకు చెవి నిక్కుతుంది.

ఈ కష్టం మనకు కొత్త కాదు. గన్నవరం కూడా రెండో యుద్ధకాలపు సైనిక మైదానమే. దాని విస్తరణకు పొలాలిచ్చిన రైతులకు అమరావతిలో ప్లాట్లన్నారు. ఆ మాట ఎన్ని మలుపులు తిరిగిందో ఈ సభలోనే బాగా తెలిసినవారు ఉన్నారు. అందుచేత మామునూరు రైతు "భూమికి బదులు భూమి ఇవ్వండి, లేదా బయట నడుస్తున్న ధర ఇవ్వండి" అంటే అభివృద్ధికి అడ్డుపడుతున్నాడని నేను అనలేను. విమానాశ్రయం రావాలి. తొంభై ఏళ్ళ నాటి మైదానం ముళ్ళకంపకు పోవడం నాకూ ఇష్టం లేదు.

మా అమ్మాయి కాపురం హనుమకొండలో. అటు వెళ్ళినప్పుడు ఆ పక్క ఊరి రైతు ఒకాయన పరిచయమై, నేను రెవిన్యూవాణ్ణని తెలిసి కాగితాలు తెచ్చి చూపించారు. మన అడంగల్ అక్కడ పహాణీ. తాతపేరు సేత్వారులో ఉంది, తండ్రిపేరు 1954–55 ఖాస్రా పహాణీలో ఉంది, పాసుపుస్తకం ఆయనదే. నడుమ అన్నదమ్ముల వాటాలు మాత్రం నోటిమాట మీదే నడిచాయి, సర్వే నంబరు సబ్‌డివిజన్ కాలేదు. ముందు తమ్ముళ్ళిద్దరినీ పిలిచి వాటాలు కొలిపించి రికార్డు చేయించుకోమన్నాను. అవార్డు విచారణ నోటీసు వచ్చేలోపు ఆ పని కాకపోతే డబ్బు భూసేకరణ అథారిటీ దగ్గర డిపాజిట్ అయి కూర్చుంటుందన్నాను. ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ, "పెద్ద తమ్ముడు మాట్లాడి ఆరేళ్ళయింది సార్, అయినా రేపే పోతా" అన్నారు.