బట్టమేక పిట్టకు చోటిస్తాం, పట్టా వదులుకోం
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నంద్యాల జిల్లా మిడుతూరు మండలం రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. 1500 ఎకరాల పైచిలుకు. అయితే ఆ పిట్టకు మన గట్లూ తెలియవు, వాళ్ల కంచే తెలియదు. గడ్డి బీళ్లలో నేలమీదే ఒక్క గుడ్డు పెడుతుంది. మేతకు మన చేలల్లోకి వస్తుంది. మిడతలు, పురుగులు, రాలిన గింజలు, వేరుశనగ తింటుంది. అంటే మన మెట్ట సేద్యం దానికి సగం ఇల్లు.

బీళ్లు సాగులోకి వచ్చాయి, నీళ్లు అందినచోట పంటలు మారాయి, మందుల పిచికారీ పెరిగింది. పంట మార్చారని మనల్ని తప్పుపట్టే పెద్దలు, మార్చకపోతే మన అప్పు ఎవరు తీరుస్తారో మాత్రం చెప్పరు. ఇవాళ అక్కడ ఆ పిట్ట కనిపించడమే గగనం. దేశం మొత్తంలో మిగిలినవి 200 లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. జైసల్మేర్ జిల్లాలో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. మంచిదే. ఆ పిల్లల్ని రేపు ఇటువైపు వదలాలంటే 1500 ఎకరాలు చాలవు. మన పొలాలు కావాలి.

మనకు పిట్టతో పేచీ లేదు. పేచీ అంతా జింకలతో. కంచె లోపల గడ్డితోపాటు కృష్ణజింకలూ పెరిగాయి. ఒక్క రాత్రి మంద దిగితే మొలక మిగలదు. తరిమితే కేసు, ఊరుకుంటే నష్టం.

కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు చూడండి. గూడబాతులు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. చింతపండు నష్టపోయే చెట్ల యజమానులకు అటవీ శాఖ పరిహారమిచ్చే పద్ధతి పెట్టారు. 2007లో దాన్ని కమ్యూనిటీ రిజర్వు చేశారు. వన్యప్రాణి చట్టం 36సి సెక్షన్ ప్రకారం, యజమాని తానుగా ముందుకొస్తే పట్టా భూమిని కూడా అలా ప్రకటించవచ్చు. భూమి మనపేరునే ఉంటుంది. కానీ ఆ తర్వాత భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలి. ఆ వాక్యం చదవకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు.

మేము అడిగేది కాలపరిమితి ఉన్న రాతపూర్వక ఒప్పందం. పిట్ట గుడ్డు పెట్టే కాలంలో బీడు దున్నం, మందు కొట్టం, కొర్ర, జొన్న వేస్తాం. దానికి ఎకరాకు ఇంతని ఏటా ముందే కట్టాలి. జింకలు మేసిన పంటకు నెల లోపల డబ్బు రావాలి. ఇంకొకటి. ఆ పొలాల్లో కౌలుకు చేసేవాళ్లున్నారు. డబ్బు పట్టాదారు ఖాతాకు పోయి, బీడు కౌలురైతు మీద పడితే ఒప్పుకోం. ఒప్పందంలో కౌలురైతు పేరు కూడా ఉండాలి.