బరిశాల్ నుంచి చట్టసభకు



ఖిదిర్‌పూర్ డాక్ పక్కన, పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల ఏక్‌బాల్‌పూర్‌లో మాట్లాడుతున్నాను కాబట్టి మనోరంజన్ బ్యాపారితో మొదలుపెడతాను. బరిశాల్ ప్రాంతపు నామశూద్రుడు. విభజన తర్వాత కుటుంబంతో శరణార్థిగా ఇటు వచ్చారు. అక్షరాలు నేర్చుకున్నది జైల్లో. జాదవ్‌పూర్‌లో రిక్షా లాగారు, బధిరుల బడిలో వంట చేశారు. 2021లో బలాగఢ్ ఎమ్మెల్యే అయ్యారు.

పత్రికలకు ఇందులో నచ్చేది ఒక్క ఘట్టమే: రిక్షా ఎక్కిన మహాశ్వేతాదేవిని ఆయన 'జిజీవిష' అంటే ఏమిటని అడగడం, 1981లో ఆమె తన 'బర్తికా'లో ఆయన రచన వేయడం. నిజమే. కానీ రచయిత కావడం వేరు, చట్టసభలో కూర్చోవడం వేరు. బలాగఢ్ ఎస్సీ రిజర్వుడు స్థానం. ఆ మాట వార్తలో ఏ మూలో ఉంటుంది.

ఆ రిజర్వేషన్ వెనక మరో బరిశాల్ మనిషి ఉన్నారు. 1946లో అంబేడ్కర్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపడంలో ముందున్నది జోగేంద్రనాథ్ మండల్. ఆయన పాకిస్తాన్ తొలి న్యాయ, కార్మిక మంత్రి. 1950లో రాజీనామా చేసి కలకత్తా తిరిగొచ్చారు. ఆ తర్వాత ఇక్కడ ఒక్క ఎన్నికా గెలవలేదు. సమర్థత తగ్గి కాదు. ఆయనకు ఓటేయాల్సిన జనం అప్పటికే సరిహద్దుకు అటూ ఇటూ చీలిపోయారు. ఇటు వచ్చినవాళ్లలో ఎందరినో కాంపుల్లో పెట్టి, తర్వాత దండకారణ్యానికి, మన పొరుగున ఉన్న మల్కన్‌గిరి దాకా తరలించారు.