కట్టుటతోనే తీరదు



నీటిపనులకు ధనమడుగునపుడు మనము క్రొత్త కట్టల పేరెత్తుదుము గాని పాత తలుపుల పేరెత్తము. శంకుస్థాపనకు సభ కూడును; గొలుసునకు చమురు పూయుటకు సభ కూడదు. ఈ యలవాటు మన సీమకెంత చేటు తెచ్చినదో విన్నవించెదము.

తుంగభద్ర జలాశయము 1953లో పూర్తియైనది. కర్నూలు, కడప మండలముల పైరులు పెక్కు ఆ నీటినే నమ్ముకొని యున్నవి. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి, 33 తలుపులలో 19వ దాని గొలుసు తెగి తలుపు కొట్టుకొనిపోయెను. ఆ సందు మూయుటకు అడ్డుపలకలు సిద్ధముగా లేవు. అప్పటికప్పుడు చేయింపవలసి వచ్చెను. వారము దినములలో సందు మూసిరి గాని, నిండిన జలాశయపు నీరెంతయో ఏటిపాలయ్యెను. పిమ్మట నిపుణులు 33 తలుపులను మార్పవలెననిరి. 2025లో జలాశయమును నిండుగా నింపుటకే సాహసింపలేదు.

అక్కడ నష్టము నీటితో పోయినది. 2021 నవంబరు 19న కడప సీమలో చెయ్యేటిపై అన్నమయ్య కట్ట తెగినపుడు ప్రాణములే పోయినవి. పులపత్తూరు, మందపల్లి గ్రామములు ధ్వంసమైనవి. వరద మిక్కుటమైనదే, కాదనము. కాని ఆనాడు ఐదు తలుపులలో నొకటి తెరువరాకుండెను.

మన పెద్దలు ఇట్టి ఆపదను ముందే యెరిగిరి. భాస్కర భవదూరుడు పోరుమామిళ్ల చెరువును కట్టించిన సంగతి 1369వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. వేయిమంది రెండేండ్లు శ్రమించిరట. ఈ సీమలోనే చెరువు త్రవ్వించినవారికిని, బాగుచేసినవారికిని దశబంధమను ఇనాము నిచ్చుచుండిరి. అది ఊరక యిచ్చిన బహుమానము కాదు. కట్టను కాపాడవలెనను నిబంధనతో నిచ్చినది. అనగా చెరువుతోపాటే దాని మరమ్మతు సొమ్మును పుట్టుచుండెను.

నేడు భూమి నీయనక్కరలేదు. లెక్క వ్రాసిన చాలును. ఒక తలుపు గాని, పట్టణమునకు నీరు తెచ్చు గొట్టము గాని ముప్పదియేండ్లు నిలుచుననుకొందము. దాని వెలలో ముప్పదవ వంతును ఏటేట వేరుగా నుంచవలెను. వెలలు పెరుగును గనుక కొంత యెక్కువయే యుంచవలెను. జీతములకు గాని, వీధిదీపములకు గాని ఆ సొమ్మును మరల్పరాదు.

క్రొత్తపనికి ఓట్లు వచ్చును, మరమ్మతునకు రావందురు. అడుగువారు లేకనే రావని మా యభిప్రాయము. పురపాలక సంఘము బడ్జెటు చదువు దినమున మూడు ప్రశ్నలు వేయుడు: ఈ గొట్టము ఏ యేట వేసితిరి? ఏ యేట మార్చెదరు? అందులకై నేటివరకెంత కూడబెట్టితిరి? మూడవదానికి జవాబు రాకున్న, మొదటి రెండును వట్టిమాటలని తెలిసికొనుడు.