కీ ఎవరి చేతుల ఉన్నది?

(ఎంట్రెన్స్ రాసిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎంట్రెన్స్ అంటే ఒక్క పరీక్ష కాదు, రెండు పరీక్షలు. ఒకటి హాల్ల మూడు గంటలు రాసేది. రెండోది గేటు బయట చెట్టు కింద జరిగేది. "నలభై ఏడుకు ఏం పెట్టినవ్‌రా?" "రెండు పెట్టిన." "అరె, అది మూడురా!" గంతే. ఒకని మొఖం వాడిపోతది. ఈ రెండో పరీక్షకు ఇన్విజిలేటర్ ఉండడు, రీవాల్యుయేషన్ ఉండదు. కానీ ఫలితం మాత్రం అప్పటికప్పుడే వస్తది. దాని గురించే రెండు ముచ్చట్లు చెప్దామని వచ్చినం.

ముందు మా గోసనే చెప్తం. 2008 వేసవిల మేము ముగ్గురు దోస్తులం ఎంసెట్ రాసినం. ముగ్గురం సర్కారు కాలేజీల తెలుగు మీడియమోళ్లమే. అప్పుడు ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు దిద్దుడు. ఇంజనీరింగ్‌కు లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మొత్తం 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. తప్పు రాస్తే మైనస్ లేదు. అయితే 25 శాతం, అంటే 40 మార్కులు వస్తేనే ర్యాంకు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకే ఆ హద్దు లేదు.

పొద్దుగూకేసరికి ఒక కోచింగ్ సంస్థ వాళ్లు బస్టాండు కాడ కీ కాగితాలు పంచిండ్రు. మాకు ఒక్కటే దొరికింది. మేము కీ చదువుతుంటే వాళ్లిద్దరు బుక్‌లెట్ల మీద టిక్కులు కొట్టుకున్నరు. ఆఖరుకు లెక్క పెడితే మా ముగ్గుర్ల తెలివిగల్లోనికి 38 వచ్చినయి. మల్ల లెక్క పెట్టినం. 38యే. వాడు ఏడ్వలేదు. బుక్‌లెట్ మా చేతుల పెట్టి, "ఇగ నాకెందుకురా ఇది" అన్నడు. మూడో రోజు భీవండి పోయిండు. వాళ్ల నాయిన అక్కడ పవర్‌లూమ్ నడుపుతుండె.

ఫలితాలొచ్చిననాడు మా నంబర్లు చూసుకున్నం. వాని నంబరు చూడలేదు. నలభై రానోనికి ర్యాంకెక్కడిదని అనుకున్నం. కౌన్సెలింగ్‌కు పోయే ముందు కాగితాలు సదురుతుంటే వాని బుక్‌లెట్ కండ్లబడ్డది. మూలకు కోడ్ 'ఎ' అని ఉన్నది. మేము చదివిన కీ 'సి' సెట్టుది. మా ఇద్దరిది సి, వానిది ఎ. అదే కాగితం తోని ముగ్గురి జవాబులు దిద్దినం! నాలుగు ఆప్షన్లల్ల ఒకటి గుడ్డిగ కలుస్తది కదా. 160ల నాలుగో వంతు 40. ఎవ్వరి జవాబులైనా వేరే సెట్టు కీ తోని చూస్తే ఆ చుట్టుపక్కలనే వస్తయి. వాని 38 అట్ల వచ్చింది.

ఇంటర్నెట్ సెంటర్ల వాని నంబరు కొట్టిస్తే ర్యాంకు మా ఇద్దరికంటే ముందున్నది. భీవండిల జాడ దొరకబట్టి, ఫోన్‌ల చెప్పి, వాడు రైలు దిగేసరికి వాని ర్యాంకుకు రావాల్సిన మంచి సీట్లు అయిపోయినయి. మిగిలింది దూరాన ఒక ప్రైవేటు కాలేజీల. ఫీజు, హాస్టలు కట్టుడు ఆ ఇంటితోని కాలేదు. వాడు మల్ల రైలెక్కిండు. ఇప్పటికీ అక్కడనే ఉన్నడు. మమ్ముల ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనకపోవుడే మాకు బరువు.

మిత్రులారా, ఇది ఒక్కని తలరాత అని సరిపెట్టుకుందమా? 85 శాతం సీట్లు లోకల్ పిల్లలకేనని 1974ల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆ హక్కు వానికి కాగితం మీద ఉండె. కానీ ఏ కాగితం ఎట్ల చూడాల్నో చెప్పే మనిషి లేకుండె. తర్వాత 2009ల, 2011ల మేము క్యాంపస్‌ల నుంచి రోడ్ల మీదికొచ్చి కొట్లాడినప్పుడు వాడే యాదికొచ్చేటోడు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరి ఊరి పిల్లగాని చేతికి సమాచారం వచ్చిందా? ఇది మనల్ని మనమే అడుక్కోవాలె.

రెండో ముచ్చట. జవాబు కలవకపోతే తప్పు పిల్లగానిదే అనుకుంటం. ప్రశ్నదే తప్పయితే? 2024 నీట్‌ల పరమాణువుల మీద ఒక ప్రశ్న వచ్చింది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివినోళ్లు ఒక జవాబు పెట్టిండ్రు, కొత్తది చదివినోళ్లు ఇంకోటి పెట్టిండ్రు. పరీక్ష పెట్టినోళ్లు రెండూ కరెక్టే అన్నరు. సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్కటే సరైందని తేల్చిండ్రు. నాలుగు లక్షలకు పైగా పిల్లలకు ఐదేసి మార్కులు పోయినయి. 720కి 720 వచ్చినోళ్లు 61 నుంచి 17కు తగ్గిండ్రు. అన్నతోని తెచ్చుకున్న పాత పుస్తకం చదివిన పిల్లది ఏం పాపం చేసింది? కోర్టు దాకా పోయే తాకత్ ఎంతమందికి ఉంటది?

ఇప్పుడు ఎంసెట్ పేరు మారింది, 2024 నుంచి ఈఏపీసెట్. 2018 నుంచే కంప్యూటర్ మీద రాసుడు. పొద్దటి పేపరు వేరు, మాపటి పేపరు వేరు. మార్కులను నార్మలైజేషన్ చేసి సమం చేస్తరు. కాబట్టి వేరే పూట రాసినోనితోని నీ మార్కులు పోల్చుకునుడు కూడా వేరే సెట్టు కీ చూసుకున్నట్టే. మీ రెస్పాన్స్ షీటు, ప్రాథమిక కీ వెబ్‌సైట్ల పెడ్తరు. అభ్యంతరాలకు గడువు ఇస్తరు. ఆ గడువు కొన్ని రోజులే. 2024 నీట్‌ల అయితే ఒక్కో ప్రశ్నకు 200 రూపాయల ఫీజు. కైకిలి తల్లికి అది ఒక పూట కూలి.

అందుకే ఉద్యోగ మిత్రులకు మా విన్నపం. లెక్చరర్ అన్నలారా, టీచర్ అక్కలారా! కీ వచ్చిననాడు మీ ఊరి పిల్లలను బడిల కూసోబెట్టుండ్రి. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్ చాలు. ఎవరి షీటు వాళ్లకు తీసి ఇయ్యుండ్రి. అనుమానమున్న ప్రశ్నకు పుస్తకం పేజీ చూపించి అభ్యంతరం పెట్టించుండ్రి. ఫీజు తలా ఇంత వేసుకుందాం. సమ్మెకు చందాలేసుకున్నోళ్లం, దీనికి వేసుకోలేమా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! గేటు కాడ జవాబులు కలుపుకోవద్దని మేము చెప్పం. చెప్పినా మీరు ఆగరు. కానీ ఆ అంకెను తీర్పు అనుకోకుండ్రి. 2019 ఏప్రిల్‌ల ఇంటర్ ఫలితాల్ల ఒక పిల్లకు తెలుగుల సున్నా వేసిండ్రు. మల్ల చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. అధికారులు వేసిన అంకెనే తప్పయినప్పుడు చెట్టు కింద దోస్తు చెప్పిన అంకె ఎంత?

మార్కులు తక్కువొచ్చిన దోస్తు మీ పక్కన మౌనంగ నిలబడితే వాణ్ని ఒంటరిగ ఇంటికి పంపకుండ్రి. ముందు వాని బుక్‌లెట్ కోడ్ చూడుండ్రి, వాని పూట చూడుండ్రి. ఫలితాలొచ్చిననాడు మీ నంబరు తోని పాటు వాని నంబరు కూడా కొట్టుండ్రి. మేము చేయని పని అదే.

సెలవు.