పులులు 3, మేకలు 15



ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి వార్‌హ్యామర్ ఆడతాడు. ప్లాస్టిక్ సైనికుల్ని కొని, అతికించి, రంగులేసి, బల్లమీద యుద్ధం చేస్తారు. పోటీలకంటే రంగులేయడమే ఇష్టమంటాడు. పెట్టె ధర రూపాయల్లో లెక్కేసి నేను గుటకలు మింగాను.

మన బడి వరండాలో పులి-మేక గుర్తుందా? సుద్దముక్క, 3 గులకరాళ్లు, 15 చింతగింజలు. అంతే ఖర్చు. మేకలతో నా పులుల్ని రోజూ కట్టేసేవాడొకడు ఉండేవాడు. చదరంగంలోనూ నామీద వాడిదే పైచేయి. ఏలూరులో పోటీ అంటే ఇద్దరం పేర్లిచ్చాం. బస్సు చార్జీకి, ప్రవేశ రుసుముకు డబ్బుల్లేక వాడు ఆగిపోయాడు. నేను వెళ్లి మొదటి రౌండులోనే ఓడాను. తిరిగొచ్చాక వాడు అడిగింది ఒక్కటే: "ఏ ఎత్తు దగ్గర పోయిందిరా?" ఆ ఆటనే మళ్లీ పేర్చి, చీకటిపడేదాకా ఆడాం. నా వైపు నుంచి వాడు గెలిచి చూపించాడు.

వాడిప్పుడు మూడో వరసలో కూర్చున్నాడు. ఒరేయ్, భోజనాలయ్యాక వరండాలోకి రా. సుద్దముక్క తెచ్చాను.